పొల్లు తూటా

రుస్తావీలో ఉక్కు ఫ్యాక్టరీ వెనక
పాత క్రీడాభవనం, దాని కింద నేలమాళిగ.
పైన పిల్లలు కుస్తీ పడుతుంటే
మా నెత్తిన సున్నం రాలుతుంటుంది.

తెల్లవారకముందే రెండొందల రొట్టెల్ని
మట్టిపొయ్యి గోడకు చరిచిన చెయ్యి ఇది,
మోచేతి దాకా కాలిన మచ్చలు.
సాయంత్రానికి ఇదే చెయ్యి
కిలోకి పైబడ్డ పిస్టల్ని చాచి పట్టుకుని
వణక్కుండా ఉండాలట.

వణుకుతుంది.
"వణకనీ గోగో" అంటుంది లమారా,
ముప్పై ఎనిమిదేళ్లదాన్ని
ఇంకా చిన్నపిల్లనే చేసి పిలుస్తూ.
"బతికున్న చెయ్యి వణకదా?
వణుకుతూనే నొక్కు.
పాలు కదలకుండా మీగడ తీసినట్టు."

మూడు వందలకి రెండొందల డెబ్బై ఒకటి.
రెండేళ్లు అక్కడే.
కొత్త పిడి చెక్కించాను, బూట్లు మార్చాను,
కాఫీ మానేశాను, మళ్లీ మొదలెట్టాను.
నంబరు మాత్రం
ఇల్లు ఖాళీ చెయ్యని అద్దెమనిషిలా
కాళ్లు చాపుకుని కూర్చుంది.

అప్పుడు లమారా టార్గెట్ పీకేసింది.
దాని చోట ఉత్త తెల్ల అట్ట.
"నల్లచుక్క మీద మోజెక్కువైంది నీకు.
చూపెక్కడుండాలి?"
ముందు సైటు మీద.
"మరెక్కడుంది?"

అయిదు నెలలు తెల్లదనాన్ని కాల్చాను.
ఇంట్లో, తూటా లేకుండా, వంటగది గోడకేసి
టిక్కు.
టిక్కు.
పక్కవాటా బాద్రీ తలుపు తట్టి
గడియారం బాగు చేయించుకోమన్నాడు.

ఒక గురువారం
మేగజీన్ తనే నింపి చేతికిచ్చింది.
అయిదింట్లో కొన్ని పొల్లువి. ఏవో చెప్పలేదు.
మొదటిది పేలింది.
రెండోదీ పేలింది.
మూడోది
టక్‌మని ఉత్త చప్పుడు.

తుపాకీ కదలాల్సిన పనే లేదు.
అయినా మూతి కిందికి దూకింది,
చెయ్యెత్తకముందే తల వంచేసే
దెబ్బలు తిన్న కుక్కలా.

దించింది నేనే.
ఎవరూ నెట్టలేదు, ఏదీ తన్నలేదు.
ఇన్నాళ్లూ మోత వెనక నక్కినది
ఆ ఒక్క నిశ్శబ్దంలో దొరికిపోయింది.

లమారాకి నీటికాసులు.
నా మొహం కూడా ఆమెకి మసకే.
"దిగింది కదూ" అంది.
నీకెలా తెలుసన్నాను.
"నీ మడమ నేలని గీరింది."

తర్వాత ప్లాస్కులోంచి టీ వంచుతూ,
కప్పు నిండిందో లేదో వేలితో చూసుకుంటూ అంది:
"ఈ పిస్టల్ని కనిపెట్టినవాడికి చూపు లేదు, తెలుసా?
తడిమి తడిమి తయారుచేశాడు.
నువ్వేమో రెండు కళ్లు పెట్టుకుని
వేలినొక్కసారైనా అడగవు."

అక్టోబరులో తిబిలిసిలో పోటీ.
రెండొందల డెబ్బై నాలుగు.
పదకొండో స్థానం.
మినీబస్సులో తిరిగొస్తూ లెక్కేశాను,
మూడు పాయింట్లకి ఎన్ని వేల టిక్కులని.
సగంలో మానేశాను.
పిండివ్యాపారంలో కూడా ఇంత నష్టం ఉండదు.

చివరి కాగితం లమారా ఒళ్లో పరిచాను.
అంచు నుంచి జానలు కొలుచుకుంటూ
మధ్యకొచ్చింది ఆమె వేలు.
"ఇది పది. ఇదీ పదే.
ఇవి రెండూ ఒకదాన్నొకటి కొరుక్కున్నాయి..."
వేలు ఆగింది,
ఎడమగా, కిందగా, ఒంటరిగా ఉన్న కన్నం మీద.

"ఇక్కడేం ఆలోచించావ్?"

వరసగా నాలుగు పదులు పడ్డాయని.

నవ్వింది,
కన్నంలోంచి వేలు తియ్యకుండానే.
"రేపు ఆరింటికి రా.
పొల్లువి ఇంకో రెండు కలుపుతాను."